రీడర్ మోడ్‌కి కుదిరేలా పేజీ కట్టడం మన పనా, బ్రౌజర్ పనా?

మొదటి పోస్ట్:
మా టీమ్‌లో ఈ వాదన తెగట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మాది పెద్ద వ్యాసాలు వేసే సైట్. ఫైర్‌ఫాక్స్‌లో కొన్ని పేజీలకి రీడర్ బటన్ (నొక్కితే యాడ్‌లు, మెనూలు తీసేసి వ్యాసం ఒక్కటే చూపించేది) వస్తోంది, కొన్నిటికి రావట్లేదు, వచ్చిన వాటిల్లో కూడా ఒక్కోసారి మధ్యలో బాక్స్‌లో పెట్టిన పేరాలు ఎగిరిపోతున్నాయి. సరిచేద్దాం అంటే టీమ్‌లో కొందరు అది బ్రౌజర్ వాళ్ళు చూసుకోవాల్సిందంటున్నారు. మీరేమంటారు?

జవాబు 1:
నేనైతే వద్దనే అంటా. దీనికి స్టాండర్డ్ అంటూ ఏదీ లేదు, సఫారీది ఒక లెక్క, క్రోమ్‌ది ఒకటి, ఫైర్‌ఫాక్స్‌ది ఇంకోటి, ఇవాళ ఒకదానికి సర్దితే రేపు అప్‌డేట్‌లో మళ్ళీ మొదటికొస్తుంది. పైగా సైట్ నడిచేదే యాడ్‌ల మీద, వాటిని దాచేసే బటన్‌కి మనమే దారి వేయడం ఏంటండీ.

జవాబు 2:
స్టాండర్డ్ లేదన్న మాట నిజమే. కానీ ఫైర్‌ఫాక్స్ వాడే రీడబిలిటీ కోడ్ ఓపెన్ సోర్సే, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. 2009లో ఆర్క్90 వాళ్ళు బుక్‌మార్క్‌లెట్‌గా, అంటే బుక్‌మార్క్‌లా దాచుకుని నొక్కే చిన్న ప్రోగ్రాంగా తెచ్చిన దాని నుంచే పుట్టింది. అది ప్రతి పేరాకీ మార్కులు వేసుకుంటూ పోతుంది, పొడవుకి కొన్ని, కామాకి ఒకటి చొప్పున, ఆ మార్కులు పేజీ కోడ్‌లో పేరాని చుట్టి ఉన్న ట్యాగ్‌కి చేరతాయి, చివరికి ఎక్కువ మార్కులొచ్చిన భాగాన్నే వ్యాసం అనుకుంటుంది. లింకులతో నిండిపోయిన భాగానికి మార్కులు తగ్గిస్తుంది. కోడ్‌లో ఆ భాగానికి మనం పెట్టుకున్న క్లాస్ పేరులో సైడ్‌బార్, షేర్, స్పాన్సర్ లాంటి మాటలుంటే అనుమానంగా చూస్తుంది. మీ బాక్స్ పేరాల క్లాస్ పేరేంటో ఒకసారి చూడండి, సైడ్‌బార్ అని ఉంటే మొదటి వడపోతలోనే పోతుంది, అందులో ఎంత మంచి విషయం రాసినా సరే.

బటన్ సంగతి వేరే. అది రావాలా వద్దా అని తేల్చేటప్పుడు 140 అక్షరాల లోపు పేరాలని అసలు లెక్కలోకే తీసుకోదు. ప్రతి వాక్యాన్నీ విడగొట్టి ఒక్కో పేరాగా పెట్టే పేజీలకి అందుకే రాదు.

ఇక యాడ్‌లంటారా, ముందు మామూలు పేజీ తెరుచుకున్నాకే కదా ఆ బటన్ కనిపించేది, యాడ్‌లు అప్పటికే లోడయ్యుంటాయి. చదవలేక ట్యాబ్ మూసేసే మనిషి కన్నా రీడర్‌లో చివరిదాకా చదివే మనిషే సైట్‌కి మేలు అని నా గట్టి నమ్మకం.

జవాబు 3:
నాకు చూపు తక్కువ. అక్షరం పెద్దది చేసుకుని, లైన్ల మధ్య దూరం పెంచుకుని, వెనక నలుపు పెట్టుకుంటేనే పెద్ద వ్యాసం చదవగలను. బటన్ లేని పేజీ నేను చదవను, చదవలేను. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

జవాబు 1 రాసినవారు:
పై మాటకి నా దగ్గర ఎదురు లేదండి. ఆర్టికల్ ట్యాగ్, హెడింగ్‌లు, పేరాకి పేరా ట్యాగ్ సరిగ్గా పెట్టడం, అవన్నీ స్క్రీన్ రీడర్ (పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కోసం ఎలాగూ చేయాల్సినవే, చేస్తాం. కానీ బటన్ కోసం రాసేవాళ్ళని పేరాలు పొడిగించమంటే మాత్రం ఒప్పుకోను, రాత తీరు రాసేవాళ్ళదే.

జవాబు 2 రాసినవారు:
పొడిగించమని నేనూ అనను. ఒకే ఆలోచనని ఎడిటర్‌లో ఊరికే ఎంటర్ కొట్టి ఆరు ముక్కలు చేయొద్దంటున్నా, అంతే.

మొదటి పోస్ట్ రాసినవారు:
క్లాస్ పేరు చూశా, సైడ్‌బార్ అనే ఉంది, టెంప్లేట్‌లో మార్చగానే పేరాలు తిరిగొచ్చాయి. ఇంకో సమస్య మిగిలింది, స్క్రిప్ట్‌తో గీసే గ్రాఫ్‌లు రీడర్‌లో అసలు కనిపించట్లేదు.

జవాబు 2 రాసినవారు:
రీడర్‌లో పేజీ స్క్రిప్ట్‌లు నడవవు కాబట్టి అవి రావు. గ్రాఫ్‌ని మామూలు బొమ్మగా ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టి, కింద అవే అంకెలతో చిన్న టేబుల్ ఇవ్వండి. సీఎస్‌ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే కోడ్) బ్యాక్‌గ్రౌండ్‌గా మాత్రం పెట్టకండి, అదీ మాయమవుతుంది.