‘పట్టింది’ వేరు, ‘పడింది’ వేరు: పాత కంప్యూటరుకు ర్యామ్ వేసేటప్పుడు ఏ మాట?

అరసున్న:
పాత డెస్క్‌టాపులకు ర్యామ్ పెంచుకోవడం మీద తెలుగులో నాలుగు పేజీల సూచనలు తయారవుతున్నాయి. ఒక్క వాక్యం దగ్గర పని ఆగింది. “ఈ బోర్డుకు డీడీఆర్3 ర్యామ్ పడుతుంది.” బోర్డంటే మదర్‌బోర్డు, డీడీఆర్3 అంటే ర్యామ్‌లో ఒక తరం. చదివిన ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. గాడిలో దూరుతుందని ఒకరు, వేస్తే పని చేస్తుందని ఇంకొకరు. ‘అనుకూలం’ అందామంటే బడి పుస్తకం వాసన. ‘కంపాటిబుల్’ అని తెలుగు లిపిలో రాస్తే, స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్న మనిషికి ఒరిగేదేమీ లేదు. ‘పడుతుంది’ అనే మాటలోనే తిరకాసు ఉందా?

తద్భవం:
మాటలోనే ఉంది. అది ఒక క్రియ కాదు, రెండు. ‘ట్టు’తో ముగిసే చిన్న క్రియలకు వెనక ‘తు’ చేరితే ద్విత్వం పోయి ‘డు’ మిగులుతుంది. కట్టు – కడుతుంది, పెట్టు – పెడుతుంది, కొట్టు – కొడుతుంది, పుట్టు – పుడుతుంది. అదే దారిలో పట్టు – పడుతుంది. ఇక ‘పడు’కు ఎటూ ‘పడుతుంది’ అనే రూపమే. అలా రెండూ ఒకచోట కలిసిపోయాయి.

జరిగిపోయిన పనిలోనూ, కాదనడంలోనూ మళ్ళీ విడిపోతాయి: పట్టింది, పట్టదు, పడింది, పడదు. ‘గంట పడుతుంది’ అన్నవాళ్ళమే పనయ్యాక ‘గంట పట్టింది’ అంటాం. ‘నాకు వంకాయ పడదు’ అంటే ఒంటికి సరిపడదని. ‘నాకు పట్టదు’ అంటే ఆ వంకాయ గొడవే నాకక్కర్లేదని! కాబట్టి అనుమానం వచ్చిన చోటల్లా వాక్యాన్ని వ్యతిరేకంలోకి తిప్పి చూడండి. మీరు చెప్పదలచింది పట్టదనా, పడదనా?

పాతడబ్బా:
ఈ తేడా బోర్డు మీద అచ్చంగా కనిపిస్తుంది, చూడండి.

ముందు ‘పట్టదు’. డీడీఆర్2, డీడీఆర్3 స్టిక్కులు (ర్యామ్ పలకలు) రెండూ 133.35 మిల్లీమీటర్ల పొడవే, రెండింటికీ 240 పిన్నులే. దూరం నుంచి కవలలు. తేడా అంతా అడుగు అంచున ఉన్న నొక్కులో (చిన్న కోతలో) ఉంది. ఒక్కో వైపు 120 పిన్నులుంటే డీడీఆర్2లో నొక్కు వాటిని 64, 56గా విడదీస్తుంది. డీడీఆర్3లో 72, 48గా. గాడి లోపలి అడ్డు కూడా ఆ కొలతకే ఉంటుంది కాబట్టి ఒకదానిలో ఇంకొకటి దిగదు. కావాలనే అలా చేశారు. డీడీఆర్2 నడిచేది 1.8 వోల్టుల మీద, డీడీఆర్3 నడిచేది 1.5 మీద. దిగడం లేదని బలం పెడితే ఆ ప్లాస్టిక్ అడ్డు విరుగుతుంది, గాడి ఎందుకూ పనికిరాదు.

ఇక ‘పట్టింది కానీ పడలేదు’. దీనికి ఇంటెల్ జీ41 చిప్‌సెట్ (ర్యామ్‌ను నడిపే చిప్పు) ఉన్న బోర్డుల కంటే మంచి ఉదాహరణ దొరకదు. రెండు డీడీఆర్3 గాళ్ళు, మొత్తం 8 జీబీ దాకా పెంచుకోవచ్చని బోర్డు పుస్తకంలో ఉంటుంది. సరేనని 4 జీబీ స్టిక్కు కొత్తది తెచ్చి వేస్తారు. హాయిగా దిగుతుంది, గొళ్ళేలు కూడా పడతాయి. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంటుంది, లేదా 2 జీబీయే చూపిస్తుంది. స్టిక్కు చెడ్డదని తిరిగిస్తే దుకాణంలో వేరే బోర్డులో పెట్టి, నిక్షేపంలా ఉందని చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కారణం చిప్పుల లెక్క. జీ41 ఒక్కో నల్ల చిప్పుకు 2 గిగాబిట్ల వరకే గుర్తుపడుతుంది. అలాంటివి 16 ఉంటే 32 గిగాబిట్లు, 8తో భాగిస్తే 4 గిగాబైట్లు. తర్వాత వచ్చిన స్టిక్కుల్లో 4 గిగాబిట్ల చిప్పులు ఎనిమిదే ఉంటాయి. మొత్తం అదే 4 జీబీ, కానీ ఒక్కో చిప్పు ఆ బోర్డు మింగగలిగిన దానికంటే పెద్ద ముద్ద. కొనేముందు 4 జీబీ స్టిక్కు లేబుల్ మీద 2ఆర్×8 (2Rx8) అని ఉందో, 1ఆర్×8 (1Rx8) అని ఉందో చూడండి. మొదటిది 16 చిప్పులది, జీ41కి పడేది అదే. లేబుల్ ఊడిపోయి ఉంటే రెండు వైపులా తిప్పి లెక్కపెట్టండి. ఒకవైపు బోసిగా ఉంటే వద్దు.

ఇంకో మాట. 1600 వేగం స్టిక్కు ఆ బోర్డులో 1066 దగ్గరే నడుస్తుంది. అది జబ్బు కాదు. రెండు వేగాల స్టిక్కులు కలిపి వేసినా అంతే, నెమ్మదిదాని నడకే రెండింటికీ.

కందిచేను:
మా దిక్కు ఈ తిప్పలే లేదు. గాడిలో సరిగ్గా దిగితే ‘మంచిగ కూసున్నది’ అంటం. పనిచేయకపోతే ‘సెట్ అయితలేదు’. ‘పడ్తది’ అన్న మాట మాకూ ఉంది గానీ ర్యామ్ గురించి మాట్లాడేటప్పుడు ‘కూసుంటది’ అనేదే అందరికీ తెలుస్తది. సూచనల్లో ‘కూర్చుంది’ అని రాయండి. సగం సమస్యలు కూర్చోకపోవడం వల్ల వచ్చేవే.

అరసున్న:
‘కూర్చుంది’ చాలా బాగుంది. మరి సగం కూర్చుంటే?

తద్భవం:
దానికి మాట కొత్తగా పుట్టించక్కర్లేదు. ‘పట్టీ పట్టనట్టు’ ఉందిగా. మనుషుల మీద వాడేదాన్ని ర్యామ్ మీద వాడితే తప్పేమీ లేదు.

పాతడబ్బా:
పట్టీ పట్టనట్టు ఉన్నదాన్ని కనిపెట్టడం తేలికే. ఒక కొస గొళ్ళెం నిటారుగా లేచి ఉంటుంది, రెండో కొసది కాస్త బయటికి వాలి ఉంటుంది. స్టిక్కు అడుగున బంగారు రంగు పిన్నుల గీత ఒకవైపు ఎక్కువ కనబడుతుంది. రెండు కొసల మీదా బొటనవేళ్ళు పెట్టి ఒకేసారి నిలువుగా నొక్కాలి. గొళ్ళేన్ని వేలితో ఎత్తి మూయకూడదు. స్టిక్కు పూర్తిగా దిగితే దానంతటదే లేచి ‘టక్’మంటుంది. చేత్తో మూస్తే దిగకుండానే దిగినట్టు కనిపిస్తుంది.

ఇదంతా ప్లగ్గు పీకేశాకే. స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. స్టిక్కు ముట్టుకునే ముందు క్యాబినెట్ రేకును ఒకసారి ముట్టుకోండి.

డిస్‌ప్లే రాకపోతే అన్నీ తీసి ఒక్క స్టిక్కు ఒక్క గాడిలో పెట్టి చూడాలి, తర్వాత అదే స్టిక్కు రెండో గాడిలో. రెండు స్టిక్కులు, రెండు గాళ్ళు అయితే నాలుగు ప్రయత్నాల్లో తప్పు స్టిక్కుదో గాడిదో తేలిపోతుంది. పిన్నులు మసకబారి ఉంటే పెన్సిల్ రబ్బరుతో పొడవునా మెల్లగా రుద్ది, ఆ పొట్టు గుడ్డతో పూర్తిగా తుడవాలి. పొట్టు గాడిలో పడితే కొత్త తలనొప్పి. గాడిలోకి నోటితో ఊదకండి, తుంపర పడుతుంది.

కందిచేను:
బీప్ శబ్దాలకు మీ సూచనల్లో ‘హెచ్చరిక ధ్వని’ అని ఉంటే కొట్టేయండి. కూత చాలు. ర్యామ్ లేకపోతేనో కూర్చోకపోతేనో చాలా బోర్డులు ఆగకుండా కూస్తయి. క్యాబినెట్‌లో స్పీకరు లేకపోతే అదీ వినపడదు, అందుకే కూత రాలేదు కాబట్టి ర్యామ్ మంచిదే అనుకోవద్దు.

అరసున్న:
మరో చిక్కు. 2 జీబీకి ఇంకో 2 కలిపితే “4 జీబీ ఉంది, 3.25 మాత్రమే వాడుకోగలం” అని విండోస్ చూపిస్తుంది. పట్టింది, పడింది కూడా. దీన్నేమనాలి?

పాతడబ్బా:
అది 32 బిట్ల విండోస్. దానికి 4 జీబీకి మించి చిరునామాలు లేవు. ఆ చిరునామాల్లోనే గ్రాఫిక్స్‌కీ, మిగతా కార్డులకీ కొన్ని పోతాయి, అందుకే పైన ఉన్న ర్యామ్‌కు చిరునామా మిగలదు. కొందరికి 3.25, కొందరికి 3.5, బోర్డును బట్టి. ర్యామ్ మార్చడం వల్ల లాభం లేదు. 64 బిట్ల విండోస్ ఎక్కించాలి. ఎడిషన్ కూడా చూసుకోండి. విండోస్ 7 స్టార్టర్‌లో 2 జీబీయే హద్దు. 64 బిట్ల హోమ్ బేసిక్‌లో 8, హోమ్ ప్రీమియంలో 16.

ఎడిషన్ సరైనదే అయినా తక్కువ చూపిస్తుంటే ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ మొదలయ్యే తీరును మార్చే పనిముట్టు) తెరిచి, బూట్ విభాగంలో ‘మాగ్జిమమ్ మెమరీ’ గడికి టిక్కు ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి. వేగం పెరుగుతుందని ఎవరో చెబితే పెట్టి మరిచిపోయే టిక్కు అది.

తద్భవం:
‘లెక్కకు వచ్చింది, అక్కరకు రాలేదు’ అనండి.

అన్నట్టు ‘మెమరీ’ అని విడిగా రాయకండి. ఫోన్ల పుణ్యమా అని ‘మెమరీ ఫుల్’ అంటే జనానికి ఫోటోలు దాచే చోటు. ర్యామ్ పెంచాక కూడా సి డ్రైవ్ ఎర్రగానే ఉందని మళ్ళీ అడుగుతారు. ‘స్మృతి’ అసలు వద్దు. మనువు గుర్తొస్తాడు. ర్యామ్ అంటే ర్యామ్.

పాతడబ్బా:
ఆన్ అయి, అరగంటకు విండోస్ ఆగిపోయి నీలి తెర వచ్చే రకం ఒకటుంది. దాన్ని ‘పడీ పడనట్టు’ అనొచ్చేమో. కంటితో చూసి తేల్చలేం. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) నడిపి, ఒక్కో స్టిక్కునూ విడిగా, కనీసం రెండు పూర్తి చుట్లు తిరగనివ్వాలి. ఎర్ర వరస ఒక్కటి కనబడినా ఆ స్టిక్కును పక్కన పెట్టాల్సిందే. ‘ఒక్క తప్పేగా’ అని సర్దుకుంటే ఫైళ్ళు పాడవుతాయి.

అరసున్న:
మార్చిన పాఠం ఇది: “స్టిక్కు గాడిలో పట్టడం ఒకటి, బోర్డుకు పడటం ఇంకొకటి. నొక్కు చూసి నొక్కండి. రెండు గొళ్ళేలూ టక్‌మంటే కూర్చున్నట్టు. కూర్చున్నా తెర వెలగకపోతే చిప్పులు లెక్కపెట్టండి.”

తద్భవం:
‘నొక్కు చూసి నొక్కండి’ చెవికి ఇంపుగానే ఉంది కానీ, బిందెకు పడే సొట్టను కూడా నొక్కే అంటాం. స్టిక్కుకు సొట్ట ఎక్కడుందా అని వెతుకుతారు. ‘గాటు’ అంటే?

కందిచేను:
గాటు అంటే కత్తి తగిలి తెగిందనుకుంటరు, వాపసు తీసుకుపోతరు. నొక్కే ఉంచి, పక్కన బొమ్మ గీయండి.