పుర్రె గుర్తున్న ఈ మాత్ స్టిక్సా, లాకెసిసా?

మధురవాడలో మా అపార్ట్‌మెంట్ వెనకంతా కంబాలకొండ అడవే. నిన్న రాత్రి బాల్కనీ లైటుకి వీపు మీద పుర్రె గుర్తున్న పెద్ద మాత్ (సీతాకోకచిలుకలా ఉండే రాత్రి పురుగు) వచ్చి వాలింది. ముట్టుకుంటే కీచుమంది! అపశకునమని మా అత్తయ్యగారి గోల. ఆవిడకి నేను నచ్చజెప్పుకుంటాను గానీ, నాకు దాని పేరు కావాలి.

అకెరోన్షియా అనే ప్రజాతి (జీనస్) అని తేలింది. కానీ అందులో ఏ జాతి, లాకెసిసా, స్టిక్సా? లాకెసిస్‌కి వెనక రెక్క మొదట్లో నల్లటి మచ్చ ఉంటుందట, స్టిక్స్‌కి అక్కడ పసుపేనట. వాలినప్పుడు వెనక రెక్కలు ముందు రెక్కల కింద దాగిపోతాయి; నా ఫొటోలన్నీ అలాంటివే. ముందు రెక్కలు, పొట్ట మీది పట్టీలు చూసి తేల్చగలరా? దాన్ని ఇబ్బంది పెట్టకుండా వెనక రెక్క ఫొటో ఎలా తీస్తారండీ?