చీనీ తొక్క నూనె హ్యాండ్ క్లీనర్: అలర్జీ పరీక్ష గినీపిగ్స్ మీదే చేయాలా?

చీనీతోట_అనంత
మెకానిక్ షెడ్లలో గ్రీజు కడుక్కునే జెల్ చేస్తున్నాం. చీనీ తొక్క నూనె 8 శాతం, మిగతాది సర్ఫాక్టెంట్ (సబ్బులా జిడ్డు వదిలించేది), నీళ్లు, చిక్కదనానికి గమ్. డబ్బా మీద "చర్మానికి అలర్జీ రాదు" అని వేయాలని ఉంది. ల్యాబ్ వాళ్లు గినీపిగ్ మాగ్జిమైజేషన్ అంటున్నారు. ఆ ఖర్చు మోయలేం. చిట్టెలుక చెవి పరీక్ష చాలదా?

తుంగభద్ర_టాక్స్
మాగ్జిమైజేషనే చేయించండి. మాగ్నుసన్, క్లిగ్‌మన్ 1969లో పెట్టిన పద్ధతి. పరీక్షకు కనీసం 10 జంతువులు, పోల్చి చూసే కంట్రోల్‌కు 5. భుజాల దగ్గర వెంట్రుకలు తీసి, చర్మం పొరలోకి 0.1 మి.లీ. చొప్పున మూడు జతల ఇంజెక్షన్లు: ఫ్రాయిండ్ అడ్జువెంట్ (రోగనిరోధక స్పందనను రెచ్చగొట్టేది), నీళ్లు సగం సగం ఒకటి, వట్టి పదార్థం ఒకటి, అడ్జువెంట్‌లో కలిపిన పదార్థం ఒకటి. వారానికి అదే చోట పదార్థం పూసిన 48 గంటల పట్టీ. పదార్థం మంట పుట్టించనిదైతే ముందురోజు 10 శాతం సోడియం లారిల్ సల్ఫేట్‌ను వాజ్‌లైన్‌లో కలిపి పూయాలి. మొదలైన మూడు వారాలకు డొక్క మీద 24 గంటల పట్టీ. అది తీసిన 24, 48 గంటలకు ఎరుపు చూడాలి. 30 శాతం జంతువుల్లో వస్తే సెన్సిటైజరే, అంటే అలర్జీ పుట్టించేదే. చాలామంది చెడగొట్టేది సూది దగ్గర: చిన్న బుడ్డ లేవలేదంటే చర్మం కిందికి దిగిపోయినట్టే.

నల్లమల_శ్రీ
కాస్మెటిక్ అయితే 2014 నుంచి దేశంలో జంతువుల మీద పరీక్షే నిషేధం కదా?

తుంగభద్ర_టాక్స్
గ్రీజు కడిగేది కాస్మెటిక్ ఎట్లయితాదప్పా?

నల్లమల_శ్రీ
చట్టం నిర్వచనం చూడండి సార్. ఒంటికి పూసి శుభ్రం చేసుకునేదీ అందులోకే వస్తుంది. ముందు అది తేల్చుకోండి.

కడప_లింఫ్
చెవి పరీక్ష అడిగారు కాబట్టి చెబుతా. సీబీఏ జాతి ఆడ చిట్టెలుకలు, డోసుకు 4. చెవి వెనక 25 మైక్రోలీటర్లు, వరసగా 3 రోజులు. 6వ రోజు తోక నరంలోకి ట్రిషియం థైమిడిన్ (విభజించే కణాల్లోకి చేరే రేడియోధార్మిక గుర్తు) ఎక్కించి, 5 గంటలకు చెవి దగ్గరి లింఫ్ గ్రంథులు తీసి అందులో చేరిన రేడియోధార్మికత లెక్కపెడతారు. కంట్రోల్ కంటే 3 రెట్లయితే పాజిటివ్. రేడియోధార్మిక పదార్థం వద్దనుకుంటే రంగు మార్పుతో కొలిచే బీఆర్‌డీయూ ఎలైజా ఉంది, అక్కడ గీత 1.6. కానీ మీ జెల్‌తో రెండు తంటాలు. నీళ్లు ఎక్కువున్నది చెవి మీద నిలవదు, జారిపోతుంది. ఇక సర్ఫాక్టెంట్లు అలర్జీ లేకపోయినా గ్రంథులను ఉబ్బిస్తాయి. సోడియం లారిల్ సల్ఫేటే ఇందులో పేరుమోసిన తప్పుడు పాజిటివ్.

తుంగభద్ర_టాక్స్
అందుకే గినీపిగ్ అన్నది.

కణం_కర్నూలు
జంతువుల్లేకుండా ఓఈసీడీ (పరీక్షా పద్ధతులు ఖరారు చేసే దేశాల కూటమి) మార్గదర్శకం 497 ఉంది, 2021లో వచ్చింది. పెప్టైడ్ పరీక్ష (పదార్థం ప్రోటీన్ ముక్కలకు అతుక్కుంటుందా అని), కెరటినోసెన్స్ (చర్మ కణాల మీద), హెచ్‌క్లాట్ (రోగనిరోధక కణాల మీద), మూడింట్లో రెండు ఏది చెబితే అదే ఫలితం.

కడప_లింఫ్
మిశ్రమానికి పెప్టైడ్ పరీక్ష ఎట్ల చేస్తారు? సిస్టీన్ ఉన్న పెప్టైడ్‌కు 1:10, లైసీన్ ఉన్నదానికి 1:50 మోలార్ నిష్పత్తి కావాలి, అణుభారమే తెలియని సరుకుకు ఏం లెక్క కడతారు? చీనీ నూనెలోని లిమోనీన్ నీళ్లలో కరగదు. లాగ్ కేఓడబ్ల్యూ (నీళ్లకంటే కొవ్వులో ఎంత కరుగుతుందో చెప్పే కొలత) 3.5 దాటినదానికి హెచ్‌క్లాట్‌లో నెగెటివ్ వస్తే నమ్మరు.

అయొడైడ్_ఆదోని
ఇంతసేపూ జంతువు గురించే కొట్లాడుతున్నారు, శాంపిల్ గురించి ఒక్కరూ అడగలేదు. చీనీ నూనెలో 90 శాతం పైన లిమోనీనే. తాజాదైతే దానితో పెద్ద ముప్పు లేదు. గాలి తగిలి హైడ్రోపెరాక్సైడ్లుగా మారితే అదే గట్టి సెన్సిటైజర్. ల్యాబ్‌కు ఏ డబ్బా పంపుతున్నారు?

చీనీతోట_అనంత
నిన్న చేసిన బ్యాచ్. ఎవరైనా తాజా సరుకే పంపుతారు. ఫెయిలయ్యే దారి వెతికి చూపించడానికా ఈ చర్చ?

అయొడైడ్_ఆదోని
మీకు కావాల్సింది పరీక్ష కాదు, డబ్బా మీద ఆ ముక్క. ఎండాకాలం షెడ్డులో నెలల తరబడి మూత లేకుండా పడుండే డబ్బాలో చేయి పెట్టేది ఎవరు?

తుంగభద్ర_టాక్స్
ల్యాబ్ ఇచ్చిన సరుకునే పరీక్షిస్తుంది. బ్యాచ్ నంబరు రిపోర్టులో ఉంటుంది. అంతకు మించి మా పని కాదు.

అయొడైడ్_ఆదోని
సార్, గొడవంతా అక్కడే ఉంది. సూది లోతుకు పదిసార్లు జాగ్రత్త చెప్పారు. ఆ సూదిలోకి పోయేది కొత్తదా పాతదా అని అడగడం మాత్రం మీ పని కాదా? ఇట్లా పాసైన రిపోర్టు ఏ జంతువు మీద వస్తే ఏంటి?

కడప_లింఫ్
ఇది ఒప్పుకుంటా. పెరాక్సైడ్ ముదిరిన సరుకు పెప్టైడ్ పరీక్షలో సిస్టీన్‌ను జంటలుగా అతికించేస్తుంది, ఆ పాజిటివ్ అర్థమూ మారిపోతుంది.

నల్లమల_శ్రీ
మరి చవగ్గా తేలేది ఏది?

అయొడైడ్_ఆదోని
నూనెలో పెరాక్సైడ్ ఎంతుందో కొలిచే టైట్రేషన్. నూనెను అసిటిక్ యాసిడ్, క్లోరోఫాంలో కరిగించి పొటాషియం అయొడైడ్ వేసి చీకట్లో ఉంచాలి. విడుదలైన అయొడిన్‌ను గంజి సూచికతో థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి. బ్లాంక్ (నూనె లేకుండా అదే టైట్రేషన్) మరవొద్దు. సుగంధ పరిశ్రమ వాళ్ల ఇఫ్రా ప్రమాణం పెరాక్సైడ్ లీటరుకు 20 మిల్లీమోల్స్ లోపు. నూనె తీసిన వెంటనే బీహెచ్‌టీ (ఆక్సీకరణను ఆపేది) 0.1 శాతం కలపాలి. పెరాక్సైడ్ పుట్టాక కలిపితే ఉన్నది పోదు. డబ్బా వెడల్పు మూతది వద్దు, పంపు సీసా పెట్టండి. మూడు నెలలు తెరిచి వాడిన సీసా నుంచి, కొత్తదాని నుంచి రెండు శాంపిళ్లు పక్కపక్కన పరీక్షించండి.

చీనీతోట_అనంత
బీహెచ్‌టీ, పంపు సీసా సరే. లేబుల్ మీద "అలర్జీ రాదు" తీసేస్తే, పక్క కంపెనీ ఆ మాట వేసుకుని అమ్ముతాంటే నాదెవరు కొంటారు?

తుంగభద్ర_టాక్స్
అది మీ ఇష్టం. చేయిస్తే మాత్రం పరీక్షకు 10, కంట్రోల్‌కు 5 జంతువుల కంటే తగ్గించొద్దు.