అమలాపురంలో నెలకు 5 వేలతో తిండి: మెస్సా, గదిలో వంటా?

కొత్త_అమలాపురం
అందరికీ నమస్కారం. మాది నంద్యాల వైపు. నెల క్రితం ఉద్యోగం మీద అమలాపురం వచ్చాను. జీతం 18 వేలు. గది అద్దె 4 వేలు, ఇంటికి 7 వేలు పోగా తిండి ఖర్చు 5 వేలు దాటితే నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలదు. గదిలో ఒంటి పొయ్యి, 3 లీటర్ల కుక్కరు, ఒక బాణలి, చిన్న మిక్సీ ఉన్నాయి. ఫ్రిజ్ లేదు. మూడు సంగతులు చెప్పండి. నెలవారీ మెస్ మేలా, వండుకోవడం మేలా? సాయంత్రం 40 రూపాయల్లో కడుపు నిండేది ఏమి దొరుకుతుంది? ఫ్రిజ్ లేకుండా అన్నం, కూర, పిండి పాడవకుండా ఎలా చూసుకోవాలి?

తణుకు_హాస్టల్
మెస్ జోలికి మాత్రం వెళ్లకండి. చదువుకునే రోజుల్లో మూడేళ్లు ఒకే మెస్‌లో తిన్నాను. పేరు చెప్పను. పప్పు త్వరగా మెత్తబడాలని వంట సోడా వేసేవారు, నాలుక మీద సబ్బు రుచి తగిలేది. సాయంత్రం పునుగులు వేయించిన నూనెతోనే మర్నాడు కూరలకు తాలింపు. చివరి ఏడు పరీక్షల ముందు పచ్చకామెర్లు వచ్చి 20 రోజులు మంచం పట్టాను. మా అమ్మ నాట్ల పని వదులుకుని వచ్చి, గదిలో నాతో ఉండి జావ కాచి పోసింది. ఆ 20 రోజుల కూలి, మందుల ఖర్చు లెక్కేస్తే మూడేళ్లలో నేను మిగుల్చుకున్నది ఏ మూలకు? కుక్కరులో అన్నం, పప్పు పడేయడానికి అరగంట చాలు. వండుకోండి.

కాలువగట్టు
ఒక మెస్ చేసిన పాపానికి అన్నిటినీ తిట్టడం న్యాయం కాదు బాబూ. కౌలు గిట్టుబాటు కాని కుటుంబాలు, భర్త పోయిన ఆడవాళ్లు ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలు వేసుకుని పిల్లల్ని చదివించుకున్న ఊళ్లు ఇవి. మా వీధిలోనే అలాంటి ఇల్లు ఉంది. పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, చారు, పెరుగు, అన్నీ అరిటాకులో 90 రూపాయలు. నెలకు రెండు పూటలకు 3,600 తీసుకుంటారు. మంచి మెస్‌ను గుర్తుపట్టాలంటే చారు చూడండి. పల్చగా ఉన్నా ఫరవాలేదు, మిరియాలు జీలకర్ర అప్పుడే దంచిన వాసన రావాలి. ఆ వాసన ఉందంటే వంటింట్లో మనిషికి ఇంకా ఓపిక ఉన్నట్టు. ఆర్టీసీ డ్రైవర్లు, కోర్టు గుమాస్తాలు ఏళ్ల తరబడి తింటున్న చోట మీరూ తినండి.

పాలకొల్లు_మూకుడు
సాయంత్రానికి వెతుకులాట ఎందుకండీ, దిబ్బరొట్టె ఉండగా! మా నాన్న పాలకొల్లులో 17 ఏళ్లు రొట్టెల బండి నడిపారు. నాలుగున్నరకు మూకుళ్లు పొయ్యెక్కేవి. ఇనుప మూకుడుకు నూనె పట్టించి, రెండు వేళ్ల మందాన పిండి పోసి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసేవారు. కింద సెగ, పైన సెగ. అరగంటకు అంచు మూకుడును వదిలి లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు అట్లకాడ అడుక్కి పోనిచ్చి తిరగేస్తే ఇటుక రంగులో లేచేది. తుంచితే పైన కరకర, లోపల దూది. బడి నుంచి వచ్చి ఆ అంచు ముక్క కోసమే పొయ్యి పక్కన నిలబడేదాన్ని. పావు రొట్టె, చెరకు పానకం, కాస్త అల్లం పచ్చడి తింటే రాత్రి భోజనం అక్కరలేదు. మీ బాణలిలోనూ అవుతుంది. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల బియ్యపు రవ్వ, ఉప్పు. రుబ్బిన వెంటనే పోయాలి, పులియబెట్టకూడదు.

పెళ్లివంట30
చివరి మాట తప్పు. 30 ఏళ్లుగా పెళ్లి వంటలు చేస్తున్నాను. రామచంద్రపురం నుంచి నరసాపురం దాకా నా చేతి దిబ్బరొట్టె తిన్నవాళ్లు ఉన్నారు. 1,200 మంది వచ్చిన పెళ్లిలో పొద్దున టిఫిన్‌కు దిబ్బరొట్టె పెట్టి మెప్పించిన వాడిని. పిండి తక్కువలో తక్కువ 4 గంటలు పులియాలి. లేకపోతే అంత మందం లోపలిదాకా ఉడకదు. వేడి మీద తెలియదు, చల్లారాక కొరికి చూడండి, పంటికి అడ్డం పడుతుంది.

ఉప్పలగుప్తం_ఆడపడుచు
పులిసిన పిండి మూకుట్లో పోస్తే అది ఇడ్లీయే గానీ రొట్టె కాదు. మా నాయనమ్మ రుబ్బురోట్లో పొత్రం తిప్పుతూ, గంట సేపు పప్పును చేత్తో ఎత్తి కొట్టేది. నీళ్ల గిన్నెలో పిండి చుక్క వేస్తే తేలాలి. తేలిందంటే గాలి పట్టినట్టే, ఇక మూకుట్లోకే. రొట్టెకు మినుముల కమ్మదనం ఉండాలి. పులుపు తగిలితే పానకంతో ఎలా నప్పుతుంది?

పెళ్లివంట30
అమ్మా, రుబ్బురోలు వేరు, మిక్సీ వేరు. అడిగిన కుర్రాడి దగ్గర ఉన్నది చిన్న మిక్సీ. అందులో పిండి వేడెక్కుతుంది, గాలి పట్టదు. ఆ లోటు పులియబెట్టడంతోనే తీరుతుంది. ఇంట్లో నలుగురికి చేసిన లెక్క అన్ని చోట్లా చెల్లదు.

పాలకొల్లు_మూకుడు
నలుగురికి అంటారా? మా నాన్న రోజుకు 40 రొట్టెలు అమ్మారు. వాన పడితే గొడుగు పొయ్యికి పట్టి తాను తడిసిన మనిషి. మీ అనుభవానికి దండం పెడతాను గానీ, మా నాన్న చేసింది తప్పు అంటే ఒప్పుకోను. ఆయన రొట్టె చల్లారాక కొనుక్కుని రైలెక్కినవాళ్లు ఎంతమందో. ఒక్కరు కూడా రాయిలా ఉందని అనలేదు.

రేవుదాటి
రొట్టె సంగతి మీరు తేల్చుకోండి. నాకు పెసరట్టు కావాలి. నేను రోజూ నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగి పనికి వెళతాను. పంటు అవతలి గట్టున ఉంటే అరగంట నిలబడాలి. ఆ అరగంటలో రేవు దగ్గర ఒక పాకలో 35 రూపాయలకు ఉప్మా పెసరట్టు తినేవాణ్ని. అల్లం ముక్కలు, పచ్చిమిరప, జీలకర్ర పైన చల్లి, చుట్టూ చెంచాడు నూనె వేసి, అంచు ఎర్రబడ్డాక మడిచి ఇచ్చేవాడు. నిరుడు ప్లేటు మీద ప్లాస్టిక్ కాగితం వేయడం మొదలుపెట్టాడు. వేడి అట్టు పడగానే కాగితం ముడుచుకుపోయింది. నా కళ్లతో చూశాను. ఆ రోజు నుంచి మానేశాను. పనసాకుల్ని ఈనెలతో కుట్టి, ఆ బుట్టల్లో పిండి పోసి పొట్టిక్కలు వండుకున్న సీమ ఇది. అంబాజీపేటలో ఇప్పటికీ దొరుకుతాయి. రావులపాలెం నుంచి లారీల కొద్దీ అరటి గెలలు వెళతాయి. అలాంటి చోట ప్లాస్టిక్ మీద తినమంటే కడుపు మండదా?

పాకహోటల్
కడుపు మాకూ మండుతుందండీ. నాదీ చిన్న టిఫిన్ పాకే. నాలుగు ఇడ్లీలు 25 రూపాయలకు ఇస్తున్నాను. ఆకు వేస్తే అందులో రెండు రూపాయలు పోతుంది. ప్లేట్లు కడగాలంటే నీళ్లు కావాలి. వేసవిలో కాలువలు కట్టేశాక మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా వస్తాయి, మంచినీళ్లు డబ్బాల్లో కొంటాను. ప్లేట్లు కడిగే మనిషికి రోజుకు 400 ఇవ్వాలి. రేటు 30 చేస్తే మీరే పక్క బండికి వెళతారు. ఆకు కావాలనేవాళ్లు అడగండి, ఆ రెండు రూపాయలూ ఇవ్వండి, సంతోషంగా వేస్తాను.

రేవుదాటి
ఇస్తాను. రెండు కాదు, మూడు ఇస్తాను. మీ పాక ఏ ఊళ్లోనో చెప్పండి, దారిలో ఉంటే వస్తాను. అప్పటిదాకా సంచిలో స్టీలు పళ్లెం పెట్టుకుని తిరుగుతున్నాను.

కొత్త_అమలాపురం
అందరికీ కృతజ్ఞతలు. ఫ్రిజ్ సంగతి ఎవరూ చెప్పలేదు. నిన్న రాత్రి వండిన పప్పు పొద్దునకు నురగ వచ్చింది. పారబోయాల్సి వచ్చింది.

కాకినాడ_ఉప్పుటేరు
గోదావరి జిల్లాకు వచ్చి పప్పు గొడవ ఏమిటండీ, వరదలు రాగానే పులస తినండి. సముద్రంలో విలస, ఎర్రనీటికి ఎదురీదితే పులస. ‘పుస్తెలమ్మి అయినా పులస తినాలి’ అని ఊరికే అనలేదు. బెండకాయలు వేసి మట్టి దాకలో పులుసు పెట్టి, మర్నాడు తినాలి.

తణుకు_హాస్టల్
అతను నెలకు 5 వేలు అంటుంటే మీరు కిలో వేలు పలికే చేప చెబుతున్నారు. దయచేసి ప్రశ్న చదవండి.

భీమవరం_చెరువు
చేప తినాలంటే పులసే కావాలా? శీలావతి, బొచ్చె మా చెరువుల్లో పెరిగేవే. ఆదివారం పొద్దున్నే వెళితే అరకిలో ముక్కలు కోయించుకోవచ్చు, రెండు పూటలకు సరిపోతుంది. ఇంకా చవకగా కావాలంటే ఎండు రొయ్యలు. వంద గ్రాములు డబ్బాలో ఉంటే నాలుగు కూరలు. తలలు తోకలు తుంచి, పొడి బాణలిలో వేయించి, వంకాయలోనో గోంగూరలోనో వేయండి. ఫ్రిజ్ అక్కరలేదు. ఇంకో మాట, బియ్యం. సన్నబియ్యానికి ఎగబడకండి. మన మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే 7029, పాత బియ్యం అడగండి. మా ఊరి మిల్లులో సన్నాల కన్నా కిలోకు 12 రూపాయలు తక్కువ. మధ్యాహ్నం తింటే సాయంత్రం దాకా ఆకలి వేయదు. పొలం పని చేసిన ప్రతి ఇంట్లో దాన్ని తినే పెరిగాం. ఇప్పుడు ముతక బియ్యం అని మొహం తిప్పుకుంటుంటే బాధ వేస్తుంది.

పెళ్లివంట30
స్వర్ణ మాటలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. పులిహోరకు పనికిరాదు గానీ పప్పు అన్నానికి సాటి లేదు.

కాలువగట్టు
డబ్బు మరీ తక్కువైన రోజున అన్న క్యాంటీన్‌కు వెళ్లండి. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు, పూటకు 5 రూపాయలు. కాకినాడ వెళ్లినప్పుడు నేనూ తిన్నాను. కొందరు మొహమాటపడుతున్నారు, ఎందుకో అర్థం కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ వేళప్పుడు తలుపు తట్టినా పొయ్యి రాజేసి వడ్డించారు. 1909లో ఆమె పోయారు, ఈనాటికీ గన్నవరం అక్విడెక్టుకు ఆమె పేరే. బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టారు. ఆమె అరుగు మీద తిన్న బాటసారులు తలవంచుకుని తినలేదు కదా. మా తాత చిన్నప్పుడు ఆ ఇంటి కథలు విని పెరిగినవాడు. అందుకే మా ఇంట్లో ఇప్పటికీ ఒక మనిషికి ఎక్కువే వండుతారు.

ఉప్పలగుప్తం_ఆడపడుచు
ఆ అబ్బాయి రెండుసార్లు అడిగాడు, ఎవరూ చెప్పకపోతే ఎలా? తమ్ముడూ, విను. పప్పు మిగిలేలా వండకు. కోనసీమ ఉక్కలో ఏ పప్పూ రాత్రంతా నిలవదు. చిన్న టీ గ్లాసు కందిపప్పు ఒక రోజుకు చాలు. నిలవ ఉండాలంటే పులుపు వైపు వెళ్లు. కంద ముక్కలు చింతపండుతో పులుసు పెడితే మర్నాడు ఇంకా బాగుంటుంది. కంద, అరటికాయ ఇక్కడ పండేవే, సంతలో చవక. వండేదాకా గది మూలన పడేసినా పాడవవు. అన్నం మిగిలితే మట్టి మూకుట్లో వేసి, మునిగేదాకా గంజీ నీళ్లూ పోసి, పల్చటి గుడ్డ కట్టి కిటికీ దగ్గర పెట్టు. పొద్దునకు తరవాణి అన్నం. ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, ఆవకాయ ముక్క. మా మామగారు 70 ఏళ్లు దాటినా అదే తిని దుక్కికి వెళ్లేవారు. మూకుడు మాత్రం రోజూ వేడినీళ్లతో కడుగు. పిండి దాచాలనుకోకు, పెసలు నానబెట్టుకో. రాత్రి పడుకునే ముందు గుప్పెళ్లు రెండు నానబెడితే పొద్దున మిక్సీలో రెండు నిమిషాలు. పెసరట్టుకు పులియబెట్టే పనే లేదు.

పెళ్లివంట30
పెసరట్టుకు పులియబెట్టాలని నేనూ అనలేదు.

కొత్త_అమలాపురం
అక్కా, చాలా సాయం చేశారు. ఈ పది రోజుల లెక్క చెబుతాను. మధ్యాహ్నం కాలువగట్టు గారు చెప్పినట్టు చారు చూసి ఒక ఇంటి మెస్‌లో చేరాను, ఒక పూటకు నెలకు 1,900. పొద్దున పెసరట్టు లేదా తరవాణి. రాత్రి కంద పులుసు రెండు రోజులకు ఒకసారి. పదిరోజుల్లో గది సరుకులకు 780 అయింది. మొన్న దిబ్బరొట్టె ప్రయత్నించాను. పిండి సగం వెంటనే పోశాను, సగం నాలుగు గంటలు ఉంచి పోశాను. వెంటనే పోసింది అడుగు అంటుకుని విరిగింది, కానీ రుచి కమ్మగా ఉంది. ఉంచి పోసింది చక్కగా పొంగింది, కాస్త పులుపు తగిలింది.

పాలకొల్లు_మూకుడు
అడుగంటింది పిండి తప్పు కాదు, బాణలి తప్పు. అల్యూమినియం పల్చన, సెగ ఒకచోటే పట్టేస్తుంది. పాత ఇనుప మూకుడు కొనండి, తూకానికి అమ్ముతారు. రెండు రోజులు గంజి కాచి, నూనె రాసి ఉంచి, అప్పుడు రొట్టె పోయండి. కమ్మగా ఉందన్నారు చూడండి, ఆ మాట మా నాన్నకు చదివి వినిపించాను.

పెళ్లివంట30
ఇనుప మూకుడు మాట నిజం. మంట బాగా తగ్గించండి, అంచు వదిలేదాకా అట్లకాడ పెట్టకండి. రెండు గంటలు ఉంచి చూడండి, పులుపు రాదు.

రేవుదాటి
పనసపొట్టు సన్నగా కొట్టి అమ్మేవాళ్లు అమలాపురం మార్కెట్లో ఎవరైనా ఉన్నారా? మా ఆవిడ ఆవపెట్టిన కూర చేస్తానంటోంది, నరసాపురంలో ఈ వారం దొరకలేదు.

ఉప్పలగుప్తం_ఆడపడుచు
పొద్దున ఏడు లోపు వెళ్లండి. కాయ మీ ఎదుటే కొట్టించుకోండి, ముందే కొట్టి ఉంచింది నల్లబడుతుంది.