కిట్‌లో పాజిటివ్ వస్తే చాలా? ప్రతిసారీ జీసీ-ఎంఎస్ (పెద్ద ల్యాబ్‌లో చేసే నిర్ధారణ పరీక్ష) చేయించాలా?

హెచ్‌ఆర్_ఉద్యోగి:
మా దగ్గర ఉద్యోగంలో చేరేవాళ్లకి యూరిన్ డ్రగ్ టెస్ట్ ఉంటుంది. కిట్‌లో పాజిటివ్ వచ్చిన శాంపిల్‌ని మళ్లీ పెద్ద ల్యాబ్‌కి పంపడం ఖర్చు, ఆలస్యం. అదే కిట్‌తో ఇంకోసారి చేసి చూస్తే సరిపోదా?

ల్యాబ్_కెమిస్ట్:
సరిపోదండి. అదే కిట్ అదే తప్పు మళ్లీ చేస్తుంది. కిట్‌లో పనిచేసేది యాంటీబాడీ. అది అణువు ఆకారంలో కొంత భాగాన్నే గుర్తుపడుతుంది, ఆ పోలిక ఉన్న వేరే మందు వచ్చినా అతుక్కుంటుంది. బీపీకి వాడే లాబెటలాల్, డిప్రెషన్‌కి వాడే బుప్రోపియాన్ యాంఫెటమిన్ (ఉత్తేజాన్నిచ్చే మత్తుమందు) పాజిటివ్ చూపించిన సందర్భాలున్నాయి. లీవోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఓపియేట్ (నల్లమందు జాతి మత్తుమందు) కిట్‌లో పాజిటివ్ తెప్పించగలదు.

జీసీ-ఎంఎస్ దారి వేరు. ముందు కాలమ్ అనే సన్నని పొడవాటి గొట్టంలో పదార్థాలు విడిపోయి, ఒక్కొక్కటి తన సమయానికి బయటికొస్తుంది. తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్ దాన్ని ఎలక్ట్రాన్లతో కొట్టి ముక్కలు చేసి వాటి బరువులు చూస్తుంది. బయటికొచ్చిన సమయం, ముక్కల బరువులు, ఆ ముక్కల మధ్య నిష్పత్తి, మూడూ అసలు మందుతో కలిస్తేనే పాజిటివ్ అని రాస్తాం. తుమ్ములకి మందు వేసుకున్న మనిషి ఉద్యోగం పోకూడదు కదా!

ఎమర్జెన్సీ_డాక్టర్:
ప్రతిసారీ అంటే ఒప్పుకోను. స్పృహ లేని పేషెంట్ ముందుంటే ఆ రిపోర్టు కోసం ఆగలేం, లక్షణాలు చూసి వైద్యం మొదలుపెడతాం. ఇంకో మాట. మీరంతా పాజిటివ్‌ల గురించే మాట్లాడుతున్నారు. మామూలు ఓపియేట్ కిట్‌కి ఫెంటానిల్ అనే కృత్రిమ మత్తుమందు కనబడదు. బెంజోడయజెపైన్ (ఆందోళనకి, నిద్రకి వాడే మందులు) కిట్లు చాలావరకు అదే జాతికి చెందిన లోరజెపామ్‌ని వదిలేస్తాయి. నెగటివ్ చూసి ధీమాగా ఉండడం కూడా ప్రమాదమే.

ల్యాబ్_కెమిస్ట్:
డాక్టర్ గారూ, వైద్యం విషయంలో మీరన్నది నిజం. నా పట్టుదలంతా ఉద్యోగం, శిక్ష, పిల్లల కస్టడీ లాంటి నిర్ణయాల దగ్గరే. అక్కడ మాత్రం ఒక్క పాజిటివ్‌ని కూడా నిర్ధారణ లేకుండా వదలకూడదు.

ఫార్మసీ_విద్యార్థి:
జీసీ-ఎంఎస్ మాత్రం తప్పు చేయదా? అమెరికాలో అమ్మే కొన్ని ముక్కు ఇన్‌హేలర్లలో లీవో-మెథాంఫెటమిన్ ఉంటుంది. మత్తు కోసం వాడే డెక్స్‌ట్రో రకానికి అది అద్దంలో ప్రతిబింబం లాంటిది. బరువు ఒకటే, ముక్కలూ ఒకటే. మామూలు కాలమ్ రెంటినీ విడదీయలేదు.

ల్యాబ్_కెమిస్ట్:
మంచి పాయింట్. అలాంటప్పుడు కైరల్ పద్ధతిలో, అంటే ప్రతిబింబాల్లాంటి రెండు రకాలనీ విడదీసే పద్ధతిలో, పరీక్ష చేయాలి. ఇంకా ఘోరం, 1990ల్లో కొన్ని శాంపిళ్లలో ఎక్కువగా ఉన్న సూడోఎఫెడ్రిన్ అనే జలుబు మందు మిషన్ వేడికే కొద్దిగా మెథాంఫెటమిన్‌గా మారిందని తేలింది. అందుకే మెథాంఫెటమిన్ నిజంగా వాడితే దాన్నుంచి శరీరంలో తయారయ్యే యాంఫెటమిన్ కూడా కనబడాలన్న నియమం వచ్చింది. గసగసాలు తిన్నవాళ్ల మూత్రంలో నిజంగానే మార్ఫిన్ అనే ఓపియేట్ ఉంటుంది, అక్కడ మిషన్ తప్పేం లేదు. అందుకే అమెరికా ఫెడరల్ నిబంధనల్లో ఓపియేట్ కటాఫ్‌ని (ఎంత ఉంటే పాజిటివ్ అనాలో చెప్పే హద్దు) 1998లో మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. కాబట్టి రిపోర్టులో పద్ధతి, కటాఫ్ రెండూ చూడండి. శాంపిల్‌ని మొదట్లోనే రెండు సీసాల్లో పోసి సీల్ చేయించండి, అభ్యర్థి కాదంటే రెండో సీసా ఇంకో ల్యాబ్‌కి వెళ్తుంది.

హెచ్‌ఆర్_ఉద్యోగి:
ఖర్చు గురించి మేనేజ్‌మెంట్‌తో మాట్లాడతాను. మా ఫారంలో ఏ మందులు వాడుతున్నారో రాసే గడి కూడా లేదు. ఇన్నాళ్లూ కిట్ గీత చూసి వెనక్కి పంపినవాళ్లే గుర్తొస్తున్నారు.