అంగోరా కుందేలు బొచ్చు, మేత గురించి సలహా కావాలి

మాది మల్కాజిగిరిలో పై అంతస్తు ఇల్లు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటితే గది కొలిమిలా ఉంటుంది. కులూ లోయ లాంటి చల్లని చోట పెంచే అంగోరా జాతికి ఈ వేడి నరకమే. అందుకే మా ఆడ కుందేలుకు వేసవికి ముందే బొచ్చు కత్తిరించాలనుకుంటున్నాను. చర్మం మరీ పలుచన, ఇట్టే చీరుకుపోతుంది. ఎంత పొడవు ఉంచాలి? కత్తెర మేలా, ట్రిమ్మరా?

అసలు భయం కడుపు గురించి. కుందేళ్లు వాంతి చేసుకోలేవు. నాకి మింగిన బొచ్చు గడ్డి పీచుతో కలిసి బయటికి రావాల్సిందే. ఈ మధ్య పెంటికలు చిన్నవై, వెంట్రుకకు గుచ్చిన పూసల్లా వస్తున్నాయి. మేత మానలేదు, చురుగ్గానే ఉంది. తిమోతి గడ్డి ఖరీదు భరించలేకపోతున్నాను. ఎండబెట్టిన గరిక దానికి బదులుగా సరిపోతుందా? లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ కాబట్టి పెట్టడం లేదు. కానీ బొచ్చు పెరగాలంటే మాంసకృత్తులు కావాలి కదా, గుళికల దాణా రోజుకు ఎంత పెడుతున్నారు? అనాస రసం పోస్తే లోపలి బొచ్చు కరుగుతుందని కొందరు చెప్పారు, నాకైతే నమ్మకం కలగలేదు.

తార్నాక, సికింద్రాబాద్ వైపు కుందేళ్లను బాగా చూసే పశువైద్యులు తెలిస్తే దయచేసి చెప్పండి. ఈ వారంలోనే తీసుకెళ్తాను.