మాక్ అనా, మేక్ అనా? పచ్చకళ్ల జెలసీ గురించి

వంశధార: మా అమ్మాయి, నేను కలిసి ఒక నోట్‌బుక్ రాస్తున్నాం. మనసు స్థితికీ మనుషుల స్వభావానికీ ఇంగ్లిష్‌లో ఉన్న మంచి మాటలు, పక్కన తెలుగు, కింద ఒక వాక్యం. సల్లెన్, విండిక్టివ్, మాగ్నానిమస్ దాకా బాగానే నడిచింది. జెలసీ, ఎన్వీ దగ్గర బండి ఆగిపోయింది. రెండింటికీ అసూయ అనే రాశాను, రాశాక తప్పనిపించింది. పైగా డిగ్రీలో చదివిన షేక్స్‌పియర్ నాటకం ఒథెల్లోలోని పంక్తి ఒకటి రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. జెలసీతో జాగ్రత్త, అది పచ్చకళ్ల భూతం అంటాడు కదా, ఒథెల్లోకి భార్య మీద అనుమానం నూరిపోసే ఇయాగో, ఆ తర్వాత "విచ్ డత్ మేక్ ద మీట్ ఇట్ ఫీడ్స్ ఆన్" అనేనా? తను తినే తిండిని తనే పుట్టించుకుంటుందని మా మాస్టారు చెప్పినట్టు గుర్తు.

పాత లెక్చరర్: మేక్ కాదమ్మా, మాక్. మూడో అంకం, మూడో రంగం. ఈ నాటకం విడిగా అచ్చయిన 1622 క్వార్టోలోనూ, షేక్స్‌పియర్ నాటకాల పెద్ద సంపుటం 1623 ఫోలియోలోనూ మాక్ అనే ఉంది. మేక్ అన్నది 1744లో హాన్మర్ తన ప్రచురణలో పెట్టిన దిద్దుబాటు. మాక్ అంటే ఇక్కడ ఆటపట్టించడం, తినేముందు ఆడుకోవడం. పచ్చకళ్లు దేనికుంటాయి? పిల్లికి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. తెలుగువాడికి ఈ పంక్తి దిద్దకుండానే అర్థమవుతుంది.

కొండపల్లి బొమ్మ: పిల్లి మాట బాగుంది మాస్టారూ, కానీ 1765లో నిఘంటుకారుడు జాన్సన్ అంతటివాడు హాన్మర్ పాఠమే తీసుకున్నాడు. జెలసీ తన కారణాన్ని తనే సృష్టించుకుంటుంది, అందుకే జాగ్రత్తగా ఉండమంటున్నాడు అన్నది ఆయన వాదం. ఆ తర్వాతి రంగంలోనే ఇయాగో భార్య ఎమిలియా ఏమంటుంది? కారణముండి కాదు, జెలసీ కాబట్టి జెలసీ, తనలోంచి తనే పుట్టే భూతం అంటుంది. వంశధార గారి మాస్టారు చెప్పిన అర్థం నాటకంలోనే ఉంది.

పాత లెక్చరర్: ఎమిలియా చెప్పబోయేది ముందుగా ఇయాగో నోట పెట్టడమెందుకు? రెండు పాత ప్రతులూ ఒకే మాట చెబుతున్నప్పుడు మనకు మింగుడుపడలేదని అక్షరం మార్చకూడదు. మన ప్రబంధాల పాఠాంతరాల దగ్గరా నేను ఇదే చెబుతాను.

పాలమూరు పిల్ల: అక్క అడిగింది తెలుగు మాట కదా, దాన్ని వదిలేశారు. జెలసీకి అసూయ కుదరదక్కా. సంస్కృత నిఘంటువు అమరకోశంలో "అక్షాంతిరీర్ష్యాసూయా తు దోషారోపో గుణేష్వపి" అని స్పష్టంగా ఉంది. గుణమున్నచోట కూడా దోషం అంటగట్టడం అసూయ. గీతలో అర్జునుణ్ణి కృష్ణుడు అనసూయువు అన్నది అందుకే, చెప్పేదాంట్లో తప్పులు వెతకనివాడని. ఈర్ష్య అంటే అక్షాంతి, అంటే ఓర్వలేనితనం, మన ఇళ్లలో రోజూ వినే మాటే. కాబట్టి ఎన్వీకి ఈర్ష్య రాసుకోండి.

కొండపల్లి బొమ్మ: ఎన్వీకి ఇంకా దగ్గరి మాట మన దగ్గరే ఉంది, కన్నుకుట్టడం. ఎన్వీ లాటిన్ ఇన్విడియా నుంచి వచ్చింది, అందులో ఉన్నది చూపే, చెడుగా చూడటం. పక్కింటివాళ్లు మేడ కడితే కన్నుకుడుతుంది, అది ఎన్వీ. అక్కడ ఉండేది ఇద్దరే, ఉన్నవాడూ లేనివాడూ. జెలసీకి మూడో మనిషి కావాలి, నాది ఇంకొకరి పాలవుతుందేమో అన్న భయం కావాలి. ఆ భయానికి తెలుగులో ఒక్క మాట నాకైతే దొరకలేదు.

గోదారి గట్టు: మూడో మనిషి అన్నారు కాబట్టి సత్యభామ దగ్గరకు వెళ్లకుండా ఎలా? నంది తిమ్మన పారిజాతాపహరణంలో, కృష్ణుడు పారిజాతం రుక్మిణికి ఇచ్చాడని చెలికత్తె చెప్పగానే "అన విని వ్రేటువడ్డ యురగాంగనయుంబలె నేయి వోయ భగ్గన దరికొన్న" అని లేస్తుంది చూడండి, దెబ్బతిన్న ఆడపాము, నెయ్యి పోసిన మంట, ఒక్క ఊపిరిలో రెండు పోలికలు. ఆ వెంటనే "హెచ్చిన కనుదోయి కెంపు". షేక్స్‌పియర్ జెలసీకి పచ్చకళ్లు, తిమ్మన సత్యకు ఎర్రకళ్లు. ఎర్రకళ్లే నిజమని నా నమ్మకం. పచ్చకళ్లలో కుట్ర ఉంది, ఎర్రకళ్లలో ప్రేమ ఉంది.

పాలమూరు పిల్ల: కానీ అన్నా, సత్యది జెలసీ అని ఎవరన్నారు? సత్య పాదం కృష్ణుడి తలకు తగిలిన పద్యంలో తిమ్మనే పేరు పెట్టాడు, "పేరలుకం జెందిన యట్టి కాంతలు" అని. అది పెద్ద అలుక. అలుకలో బతిమాలించుకోవడం ఉంటుంది, అవతలివాడు వస్తాడన్న ధీమా ఉంటుంది. ఒథెల్లోకి ఆ ధీమా లేదు, అందుకే భార్య డెస్డెమోనాను చంపేదాకా పోయాడు.

గోదారి గట్టు: ఇది ఒప్పుకుంటాను. అలుకకు ఇంగ్లిష్‌లో సల్క్ అని రాసేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. సల్క్ చేసేవాడు ఒంటరిగా మూతి ముడుచుకు కూర్చుంటాడు. అలుకకు పాన్పు ఉంది, బతిమాలే మనిషికి చోటుంది.

కొండపల్లి బొమ్మ: మళ్లీ పంక్తికి వస్తే, ఆ మీట్ ఎవరు? జెలసీ తినేది ఒథెల్లో గుండెనా, డెస్డెమోనానా? గుండె అయితే మాక్ కుదురుతుంది, అనుమానం అయితే మేక్ కుదురుతుంది.

పాత లెక్చరర్: ఒథెల్లో గుండే. పిల్లి ఆడుకునేది బతికున్నదానితోనే.

కొండపల్లి బొమ్మ: ఇయాగో పిల్లి పేరు ఎత్తలేదు కదండీ. మర్చంట్ ఆఫ్ వెనిస్‌లో పోర్షియా కూడా గ్రీన్-ఐడ్ జెలసీ అంటుంది, అక్కడా పిల్లి లేదు.

వంశధార: అందరికీ దండాలు. ఎన్వీకి కన్నుకుట్టడం, ఈర్ష్య రెండూ రాశాను. జెలసీ పక్కన తెలుగు ఇంకా ఖాళీ. మా అమ్మాయి ఇదంతా చదివి కొత్త పేజీలో తెలుగు వైపు పేరలుక అని రాసుకుంది, ఆ పక్కన ఇంగ్లిష్ ఖాళీ.

పాత లెక్చరర్: మంచిదమ్మా. పంక్తిలో మాక్ అని దిద్దుకున్నారు కదా?